నిర్వహణ, సమన్వయం, ప్రసంగం: నేనే

ఆ పోస్టరు ఇంకా నా ఫోన్లో ఉంది. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. పైన హంస బొమ్మ, మధ్యలో బంగారు రంగు అక్షరాలతో 'ఆటవెలది నేర్చుకుందాం: వెబినార్', కింద మూడు వరసలు. నిర్వహణ అని నా పేరు. సమన్వయం అని నా పేరు. ప్రసంగం అని మళ్ళీ నా పేరు. అందులో తప్పేమీ అప్పట్లో నా కంటికి ఆనలేదు.

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది. "వందన సమర్పణ ఎవరండీ? అదీ మీరేనా?" అంది.

"ఎవరో ఒకరు చెయ్యాలి కదా" అన్నాను. వేళాకోళం ఆడుతోందని రెండు రోజుల తర్వాత గాని తట్టలేదు.

రాజమండ్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. రిటైరైన మాస్టారికి గొంతు ఉంటుంది, వినేవాళ్ళు ఉండరు. లాక్‌డౌన్ రోజుల్లో నా ఈడు వాళ్ళంతా ఇంట్లో కూర్చుని అవధానాలు చేశారు, కవి సమ్మేళనాలు పెట్టారు. నాకంటే నాలుగు పద్యాలు తక్కువ వచ్చినవాళ్ళు సైతం తెరమీదకెక్కారు. ఆ కుళ్ళు నాలుగేళ్ళు లోపలే మగ్గింది. చివరికి 2024 దీపావళి వెళ్ళాక నవంబరు 3, ఆదివారం, సాయంత్రం 7 గంటలకి ముహూర్తం పెట్టాను.

మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. రోజుకి నాలుగు మీటింగులు నడిపే ఉద్యోగం. సంగతి తెలిసి ఫోన్ చేసింది. "నాన్నా, నన్ను హోస్టుగా పెట్టు. వచ్చేవాళ్ళని లోపలికి పంపడం, చాట్ చూడడం నేను చూసుకుంటా. నువ్వు పాఠం చెప్పుకో, చాలు. శనివారం ఒకసారి ట్రయల్ వేద్దాం."

"డెబ్బై మంది కుర్రాళ్ళని, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఛందస్సు చెబుతూ మేలుకోబెట్టినవాణ్ణమ్మా. పాఠానికి ట్రయలేమిటి?" అన్నాను.

బయటికి చెప్పిన కారణం అది. అసలు సంగతి వేరే. ఆ పిల్లకి ఓనమాలు దిద్దించింది నేను. ఇప్పుడు అదే పిల్ల "అది కాదు నాన్నా, ఎడమవైపుది, ఎడమవైపుది" అంటుంటే బుద్ధిగా తలూపుతూ కూర్చోవడం నా వల్ల కాదు. అందుకని మూడు రాత్రులు యూట్యూబులో వీడియోలు చూసి, ఏమీ అర్థం కాని చోట అర్థమైనట్టు తలూపాను. ఎవరికో తలూపక తప్పలేదన్నమాట.

వెబినార్ అని పోస్టరు వేశాను గాని, నేను పెట్టింది వెబినారే కాదు. జూమ్‌లో ఆ పేరుతో అమ్మేది వేరే సరుకు. అందులో మైకు మాట్లాడేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. వచ్చినవాళ్ళు వింటారు, అడగదలుచుకున్నది రాసి పంపిస్తారు. దానికి డబ్బు కట్టాలి. నాది ఉచితపు మీటింగు. 100 మందికి చోటు, అందరికీ మైకు, 40 నిమిషాల గడువు. కల్యాణ మంటపం అని శుభలేఖ వేసి, పెళ్ళివారిని మా వీధి అరుగు మీదకి పిలిచానన్నమాట. గడువు సంగతి చదివాను కూడా. కాలేజీలో పీరియడు 50 నిమిషాలు, హాజరుకి పది పోగా మిగిలేది నలభయ్యే కదా, సరిపోతుందిలే అనుకున్నాను.

నన్ను నిద్రపోనివ్వని అంకె ఇంకొకటి ఉంది. గూగుల్ ఫారం పెడితే 143 మంది పేర్లిచ్చారు. చోటు వందకే. మిగతా 43 మందినీ ఎక్కడ కూర్చోబెట్టను? ఎవరికి ముందు చెప్పాలి, ఎవరు నొచ్చుకుంటారు అని రెండు రాత్రులు మథనపడి, బతిమాలే ఉత్తరం ఒకటి చిత్తు రాసి పెట్టుకున్నాను. తీరా వచ్చింది 58 మంది. ఫారం నింపడానికి పైసా ఖర్చు లేదు, అడుగు కదపక్కర్లేదు. నన్ను ఏళ్ళ తరబడి తప్పించుకు తిరిగిన మా తోడల్లుడు కూడా నింపాడు. అదైనా నన్ను అనుమానంలో పడెయ్యాల్సింది.

ఆ రోజు 6.50కే తలుపులు తీశాను. పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పలకరిస్తున్నాను. గడియారం నేను ప్రసంగం మొదలుపెట్టినప్పుడు కాదు, తలుపు తీసినప్పుడే తిరగడం మొదలెడుతుందన్న జ్ఞానం లేదు. పది నిమిషాలు పలకరింపులకే పోయాయి. ఇంతలో వీధిలో పిల్లలు మిగిలిపోయిన టపాకాయలు అంటించారు. ఆ మోత వినపడకూడదని మైకు నొక్కి మూశాను. సరిగ్గా ఏడింటికి గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మైకు మాత్రం తెరవలేదు.

నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. బ్రౌన్ దొర వేమన పద్యాల రాతప్రతులు పోగుచేయించి, ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించిన కథ చెప్పాను. పల్లెటూరి మనిషి మాట్లాడే మాట తీరుకి ఆటవెలది ఎందుకంత ఒదిగిపోతుందో చెప్పాను. నాలుగు పద్యాలు రాగం తీసి చదివాను. కెమెరాలు తెరిచి ఉంచిన వాళ్ళు చేతులూపుతున్నారు. ఒకావిడ రెండు చేతులూ చెవులకి ఆనించి చూపిస్తోంది. రాగం చెవులకి ఇంపుగా ఉందంటోంది కాబోలని వినయంగా నమస్కారం పెట్టాను. ఒక పెద్దాయన అడ్డంగా తలూపుతున్నాడు. ఆహా, ఎంత పరవశం అనుకున్నాను. తరగతి గదిలో చివరి బెంచీ కుర్రాడి ముఖం చూసి, వాడికి ఎంతవరకు ఎక్కిందో పట్టేసేవాణ్ణి. ఇక్కడ అగ్గిపెట్టెంత గడుల్లో తపాలా బిళ్ళల్లా ఉన్న ముఖాలు ఏం చెబుతున్నాయో ఒక్కటీ తెలియలేదు. తెలియనప్పుడు మెచ్చుకోలే అనుకోవడం నా నైజం.

పదకొండో నిమిషంలో మా ఆవిడ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. తనూ వంటింట్లో ఫోన్ పెట్టుకుని వింటోందని నాకు తెలియదు.

"ఏవండీ, మీ గొంతు వంటింట్లోకి గోడలోంచి వస్తోంది గాని, ఫోన్లోంచి రావడం లేదు."

మైకు తెరిచాను. తన చేతిలో ఫోన్ స్పీకరులో ఉంది. నా మాట అందులోంచి బయటికొచ్చి, మళ్ళీ నా మైకులో దూరి, మళ్ళీ ఆ ఫోన్లోంచి వచ్చి, కుయ్యోమని కూత పెట్టింది. నా ప్రసంగంలో 58 ఇళ్ళలో వినబడిన మొదటి పలుకు అది.

కంగారులో మనిషి తనకి బాగా వచ్చిన పనే చేస్తాడు. నాకు వచ్చింది తాళం. గురువు, లఘువు చెవికి పట్టాలంటే బల్ల మీద దరువు వేసి చూపించాలి. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. బల్ల బద్దలయ్యేలా వేశాను. అవతల ఎవరికీ వినపడలేదట. మన చుట్టూ ఉండే రొదని జూమ్ దానంతట అదే వడకట్టేస్తుంది. ఫ్యాను మోతా, టైపు కొడుతున్న చప్పుడూ, నా తాళమూ దాని లెక్కలో ఒకటే. దాన్ని ఆపడానికి అందులోనే ఒక మీట ఉందని తర్వాత తెలిసింది. సంగీతం మాస్టార్లందరికీ తెలుసుట.

సరే, అందరి చేతా చదివిస్తే దారిలో పడుతుందనుకున్నాను. "అందరూ మైకులు తెరవండి. నాతోపాటు గొంతు కలపండి. ఒకటి, రెండు, మూడు!"

ఎలా చెప్పను? ఒక ఇంట్లో కుక్కర్ విజిల్, ఒక ఇంట్లో సీరియల్లో అత్తగారి ఏడుపు, ఎక్కడో "అరటిపళ్ళూ" అని బండివాడి కేక, వీటి మధ్య తలో పాదం దగ్గరా ఉన్న జనం. నెట్‌లో నా మాట ఒక్కో ఇంటికీ ఒక్కో ఆలస్యంతో చేరుతుంది. వాళ్ళ మాట ఇంకో ఆలస్యంతో తిరిగొస్తుంది. ఇద్దరు మనుషులు కూడా ఒక్క దరువు మీద కలవలేరు. పైగా గొంతు పెద్దదైన మనిషినే పైకి తెచ్చి మిగతా వాళ్ళని అణచడం జూమ్ పద్ధతి. బృందగానం కాస్తా గోదావరి పుష్కరాల రేవులో తప్పిపోయినవాళ్ళ కేకల్లా తయారైంది.

ఇంతవరకు చేసింది తెలియనితనం. తర్వాత చేసింది వేరు.

స్లైడ్లు చూపిద్దామని స్క్రీన్ షేర్ నొక్కాను. స్లైడ్ల కిటికీ ఒక్కటే చూపించే వీలుంది. నేను మొత్తం తెర ఎంచుకున్నాను. దాని వెనకే, లింకు పంపడానికి తెరిచిన వాట్సాప్ అలాగే ఉంది. నా కళ్ళకి ఆనడానికి అక్షరాలు 150 శాతం పెంచి పెట్టుకుంటాను. స్లైడు కోసం వెతుకుతుంటే ఆ కిటికీ ముందుకొచ్చి కూర్చుంది. స్నేహితుడికి పొద్దున నేను పంపిన మాట అందులో పెద్దక్షరాలతో:

"మన అవధానిగారు కూడా పేరిచ్చాడు. సభలు చేస్తాడు గాని, యతికీ ప్రాసయతికీ తేడా తెలీదు పాపం. వచ్చి నేర్చుకోనీ."

అర నిమిషం ఉండి ఉంటుంది. మా ఊరి అవధానిగారు మూడో వరసలో రెండో గడిలో కూర్చుని ఉన్నారు. నేను వాట్సాప్ మూసేసి, దగ్గి, స్లైడు తెచ్చి, ఏమీ జరగనట్టు చదవడం మొదలుపెట్టాను. చూసి ఉండరులే అనుకున్నాను. నా గొంతు వినని 58 మంది నా రాత కూడా చదవరని ఎందుకు నమ్మానో.

మధ్యలో తెర మీద పెట్టె ఒకటి వచ్చింది, ఇంకా ఇన్ని నిమిషాలే ఉన్నాయని. ప్రకటన అనుకుని కొట్టేశాను. 7.30కి యతి దగ్గరికొచ్చాను. "సంస్కృతంలో యతి అంటే విరామం. పాదం మధ్యలో ఆగే చోటు. మన తెలుగులో ఆగక్కర్లేదు, అక్కడి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో మైత్రి ఉంటే చాలు" అనబోయాను. 'ఆగే చోటు' దగ్గర అంతా ఆగిపోయింది. తెర నల్లబడింది. తెలుగు యతి చెప్పకుండానే సభ ముగిసింది.

ఇంకో లింకు తయారుచేసి పంపేసరికి 17 మంది మిగిలారు. వాళ్ళలో ఇద్దరు ఎప్పుడైపోతుందని అడిగినవాళ్ళు.

అంతా సర్దేశాక ఎనిమిదింటికి న్యూజెర్సీ నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్. "పెదనాన్నా, ఇంకా మొదలెట్టలేదా? నా ఫ్రెండ్స్ పన్నెండు మంది నీ లింకు పట్టుకుని కూర్చున్నారు." మన ఏడు గంటలకి అక్కడెంతవుతుందని అక్టోబరులో దాన్నే అడిగాను. ఉదయం 9.30 అంది, అలాగే వేశాను. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఏడాదికి ఆ తిప్పుడు ఒక్కసారే, నేను పట్టిన ముహూర్తం సరిగ్గా ఆ రోజే. మన ఏడు వాళ్ళకి ఆ పొద్దున 8.30 అయి కూర్చుంది. ఆ పిల్లలు కాఫీలు కలుపుకుని చెప్పిన వేళకే వచ్చారు. పంచాంగం చూశాను గాని, ఆ దేశపు పంచాంగం చూడలేదు.

రాత్రి భోజనం సహించలేదు. రికార్డింగు తెరిచాను. మొదట్లో పదకొండు నిమిషాలు మూకీ సినిమా. నేను చేతులు తిప్పుతూ, కళ్ళు మూస్తూ, నోరు తెరుస్తూ. బ్రౌన్ దొర కథ ఎవరూ వినకుండానే పోయింది. రికార్డింగుతో పాటు చాట్ కూడా ఒక ఫైలుగా దాచిపెడుతుందిట. అదీ తెరిచాను. మాట్లాడేటప్పుడు నేనసలు ఆ వైపే చూడలేదు. చూడ్డానికి ఇంకొకరు ఉండాల్సింది, ఆ ఇంకొకరిని నేనే వద్దన్నాను.

సౌండ్ లేదు సర్. మాస్టారూ, మ్యూట్‌లో ఉన్నారు. సర్, వినబడట్లేదు. సర్! సర్!! ఇలాంటివి ముప్పై పైన. వాటి మధ్య 7.09కి, అవధానిగారి పేరుతో నాలుగు పాదాలు:

మైకు మూసి మీరు మాటలాడితిరయ్య
వినెడి వారు లేక విస్తుపోక
గోడకేమి తెలియు గురులఘువుల తేడ
కుర్చికేమి తెలియు కులుకు నడక

ఆశువు. నేను నోరు ఆడిస్తుంటే చూస్తూ ఆయన ఫోన్లో కొట్టేశాడు.

సిగ్గుపడాల్సిన మనిషి ఏం చెయ్యాలి? నేను పెన్సిలు తీసుకుని తప్పు వెతకడం మొదలుపెట్టాను. రాత్రి పదకొండున్నరకి. మైకు, మూసి, మీరు: గురువు మీద లఘువు, మూడూ సూర్యగణాలే. 'మాటలా' రగణం, 'డితిరయ్య' సలం, రెండూ ఇంద్రగణాలు. బేసి పాదానికి సరిగ్గా ఎంత కావాలో అంత. యతి నాలుగో గణం మొదట్లో పడాలి: మై, మా. ఐకారానికీ ఆకారానికీ మైత్రి ఉంది. రెండో పాదం ఐదూ సూర్యగణాలు, వి కి వి. మూడోదాంట్లో దొరక్కపోతాడా అనుకున్నాను. గో కి గు. ఓకారం ఉకారం చుట్టాలే. 'గురులఘు' నలం, 'వుల తేడ' సలం. నాలుగోది, కు కి కు. ప్రాసయతి జోలికే పోలేదు, ఎక్కడికక్కడ అచ్చమైన యతి వేశాడు. ప్రాసయతి అంటే మొదటి అక్షరాలు కలవనప్పుడు రెండో అక్షరాలు కలిపి గట్టెక్కడం. ఆయనకి ఆ అవసరమే పడలేదు. చివర ఆ 'కులుకు నడక' ఒకటి! ఆటవెలది అంటే నాట్యమాడే ఆడది. చెవిటివాడి ముందు శంఖం ఊదారనకుండా, కుర్చీల ముందు ఆ పిల్లని నడిపించారన్నాడు. చివాట్లలో కూడా అందం ఉంచాడు. పెన్సిలు కింద పెట్టాను.

ఫైలు ఇంకా అయిపోలేదు. నా వాట్సాప్ తెరమీద వెలిగిన మూడు నిమిషాలకి, ఆయనదే ఇంకొక వాక్యం: "మాస్టారూ, స్లైడులో బేసి పాదాలూ సరి పాదాలూ తారుమారైనట్టున్నాయి. ఒకసారి చూడగలరు."

చూశాను. బేసి పాదాలకి ఐదు సూర్యగణాలు, సరి పాదాలకి మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ అని వేసి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు నల్లబల్ల మీద సరిగ్గా రాసిన వాణ్ణి. నేను రాసింది చదివాక కూడా ఆ మనిషి 'చూడగలరు' అన్నాడు. అరిచి ఉంటే బావుండేది.

మర్నాడు అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాట్సాప్ సంగతి తప్ప. అది నవ్వలేదు. "అమ్మ చెప్పింది నాన్నా, వాట్సాప్ సంగతితో సహా" అంది. మా ఆవిడ వంటింట్లో కూర్చుని అర నిమిషంలో అంతా చదివేసింది మరి.

వారం ఆగి అవధానిగారి ఇంటికి వెళ్ళాను. డజను జామకాయలు పట్టుకెళ్ళాను. ఎందుకు జామకాయలో తెలీదు, దారిలో అవే కనిపించాయి. ఆయన లేచి నిలబడి రండి రండి అన్నారు. కాఫీ వచ్చింది. గోదావరిలో నీళ్ళు, కార్తీక మాసం రద్దీ, అన్నీ అయ్యాయి. క్షమించమనే మాట గొంతు దాకా వస్తోంది, మైకు మూసినట్టు అక్కడే ఆగిపోతోంది. చివరికి స్లైడు మీద నుంచి నరుక్కొచ్చాను.

"ఆ బేసి, సరి దిద్దానండి. మళ్ళీ పెడదామనుకుంటున్నాను. ఈసారి మీరు పక్కనుండి చాట్ చూసిపెట్టాలి. నాకు రెండు పనులు ఒక్కసారి కావని తెలిసింది."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "తప్పకుండా. ఒక్క షరతండి."

"చెప్పండి."

"వాట్సాప్ మూసేసి మొదలెట్టండి."

లోపల్నించి వాళ్ళావిడ నవ్వు వినపడింది. నేను కూడా నవ్వేశాను. అప్పుడు వచ్చింది ఆ మాట, దాని మానాన అదే. ఆయన చెయ్యి ఊపి, జామకాయ కోయించారు.

రెండోసారి డిసెంబరు 1, ఆదివారం. అమ్మాయి ఒక నెలకి డబ్బు కట్టి గడువు తీయించింది. శనివారం ట్రయల్ వేశాం. అది "ఎడమవైపుది నాన్నా" అంది, నేను ఎడమవైపుదే నొక్కాను. వైఫై మానేసి రౌటరు నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు లాగాం. తాళం వినపడే మీట వేశాం. ఏ నిమిషంలో ఏం చెప్పాలో కాయితం మీద రాసి గోడకి అంటించుకున్నాను. మా ఆవిడ పడగ్గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అందరికీ కనిపించేదే తనూ చూస్తూ కూర్చుంది. బృందగానం రద్దు, ఒక్కొక్కరి చేత ఒక్కో పాదం. పోస్టరులో నా పేరు ఒక్కసారే ఉంది. వందన సమర్పణ మా ఆవిడది. ప్రాక్టీసు చేసి మరీ రెండు వాక్యాల్లో ముగించింది.

పేర్లిచ్చింది 60 మంది, వచ్చింది 41, చివరిదాకా ఉన్నది 38. అమెరికా పిల్లలు వాళ్ళ 8.30కి ఠంచనుగా వచ్చారు.

ఏడింటికి గొంతు సవరించుకుని బ్రౌన్ దొర దగ్గర మొదలుపెట్టాను. రెండు నిమిషాలు చెప్పానో లేదో, నవంబరు నాటి భయం పట్టుకుంది. మైకు గుర్తు వైపు చూశాను. తెరిచే ఉంది. మళ్ళీ చూశాను. మాట తడబడింది. అప్పుడు తెర కింద నాకొక్కడికే కనిపించేలా చిన్న వరస ఒకటి వచ్చింది, అవధానిగారి పేరుతో.

"వినబడుతోంది. కానివ్వండి."